డల్లాస్‌లో ఉన్న మా ఊరివాళ్ల విరాళం: ఎఫ్‌సీఆర్‌ఏ లేని ట్రస్టు తీసుకోవచ్చా?

ప్రశ్న:
గుంటూరు జిల్లాలో ఒక చిన్న ట్రస్టుకి విరాళాల పని చూస్తున్నాను. 12ఏ (ట్రస్టు ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (విరాళమిచ్చినవారికి పన్ను మినహాయింపు) ఉన్నాయి, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాలు తీసుకోడానికి కేంద్రం ఇచ్చే రిజిస్ట్రేషన్) లేదు. బడి గదులకి డల్లాస్‌లోని ఊరివాళ్లు ఏడుగురు డబ్బిస్తామంటున్నారు. ఇక్కడి ఖాతాల నుంచి రూపాయల్లోనే వేస్తారట. అప్పుడు ఇబ్బంది లేనట్టేనా? 2024-25 రసీదుల పని కూడా మిగిలే ఉంది.

జవాబు 1:
రూపాయలా డాలర్లా అని కాదండీ, ఇచ్చేవారిది ఏ దేశం పాస్‌పోర్టు అన్నదే లెక్క. భారత పాస్‌పోర్టు ఉన్నవారు హెచ్1బీ మీదున్నా, గ్రీన్‌కార్డు మీదున్నా, సొంత సంపాదన బ్యాంకు ద్వారా ఇస్తే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు ఇస్తే విదేశీ విరాళమే. ఓసీఐ కార్డున్నా (భారత మూలాలున్న విదేశీ పౌరులకి ఇచ్చే కార్డు), ఎన్ఆర్ఓ ఖాతాలోంచి (విదేశాల్లో ఉండేవారికి ఇక్కడి బ్యాంకుల్లో ఉండే రూపాయి ఖాతా) రూపాయలు వేసినా అంతే. ఎక్కువమంది పొరబడేది ఈ ఓసీఐ దగ్గరే.

డబ్బు పడకముందే ప్రతి ఒక్కరి పాస్‌పోర్టు నకలు, ‘భారత పౌరుణ్ణి, ఇది నా సొంత డబ్బు’ అని సంతకం చేసిన లేఖ తీసుకోండి. వాట్సాప్ గ్రూపులో క్యూఆర్ కోడ్ మాత్రం పెట్టకండి, ఎవరు వేశారో తేలేలోపే డబ్బు ఖాతాలో ఉంటుంది. అందరిదీ ఒకరి దగ్గర పోగేసి పంపడమూ వద్దు. ఎవరి డబ్బు వారి ఖాతా నుంచే రావాలి.

జవాబు 2:
పౌరసత్వం మారినవారి డబ్బు కావాలంటే రెండు దారులు. ఎఫ్‌సీ-3ఏ ఫారంతో ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్: సంస్థకి 3 ఏళ్లు నిండాలి, గత 3 ఆర్థిక సంవత్సరాల్లో అసలు పనుల మీద 15 లక్షలు ఖర్చయి ఉండాలి. అంత లేకపోతే ఎఫ్‌సీ-3బీ ఫారంతో ముందస్తు అనుమతి: ఫలానా దాత, ఫలానా పని, ఇంత మొత్తం అని దాత హామీ లేఖ జతచేయాలి. రెండింటికీ దర్పణ్ ఐడీ (స్వచ్ఛంద సంస్థలకి ప్రభుత్వ పోర్టల్ ఇచ్చే నంబరు), న్యూఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో ఖాతా ఉండాలి. అనుమతి చేతికి రాకుండా ఒక్క రూపాయి కూడా తీసుకోకండి.

అడిగినవారు:
ఇద్దరివి ఓసీఐ కార్డులు. మిగతా ఐదుగురితో మొదలుపెడతాం. మరి రసీదులండీ?

జవాబు 3:
2024-25కి 10బీడీ (ఎవరెంత విరాళమిచ్చారో ఆదాయపన్ను శాఖకి చెప్పే ఫారం) గడువు 2025 మే 31, దాటితే రోజుకి 200 రూపాయలు రుసుము. దాతలకిచ్చే 10బీఈ (విరాళ ధ్రువపత్రం) అందులోంచే వస్తుంది. పాన్‌లో ఒక్క అక్షరం తప్పినా దాతకి మినహాయింపు అందదు, అందుకే పాన్ విరాళం రోజునే తీసుకోండి. నగదు 2,000 దాటినా, సిమెంటు బస్తాల్లాంటి వస్తువులిచ్చినా 80జీ వర్తించదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవారికి ఆ మినహాయింపే లేదు. ‘పన్ను తగ్గుతుంది’ అనేముందు దాత ఏ విధానంలో ఉన్నారో అడగండి.