అప్‌డేట్: వేడెక్కాక పవర్ పడిపోయే పాత బండి, కారణం దొరికింది

రావులపాలెం నుంచి అమలాపురం దారిలో పికప్ పడిపోయి, కాసేపు ఆపితే మళ్లీ అందుకుంటోందని ఇంతకుముందు అడిగిన బండి సంగతి తేలింది. పెట్రోల్ ట్యాంక్ మూతకుండే గాలి రంధ్రం తుప్పు, మట్టితో మూసుకుపోయింది. పెట్రోల్ దిగేకొద్దీ ట్యాంకులో వాక్యూమ్ ఏర్పడి, పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే కార్బురేటర్‌కి ధార సన్నబడుతుంది. ఆపితే గాలి మెల్లగా చొరబడుతుంది, అందుకే అచ్చం స్పార్క్‌కి కరెంటు ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్ వేడెక్కి పోయినట్టే ఉంటుంది.

పవర్ పడిన వెంటనే మూత తెరవండి. సుయ్‌మని గాలి పీల్చి బండి అందుకుంటే మూతదే తప్పు. అందుకోకపోతే మూత బిగించి, వేడి మీదే స్పార్క్ చూడండి. స్పార్క్ లేకపోతే అప్పుడు ఇగ్నిషన్ కాయిల్, పికప్ కాయిల్ (స్పార్క్ ఎప్పుడు రావాలో సిగ్నల్ ఇచ్చేది) సంగతి.

రంధ్రాన్ని సన్న తీగతో పొడిచి, కంప్రెసర్ గాలి కొడితే సరిపోయింది. ఉప్పుగాలి ఊళ్లలో ఫ్లోట్ గిన్నె (కార్బురేటర్ అడుగున పెట్రోల్ నిలిచేది) డ్రెయిన్ స్క్రూ కూడా విప్పి చూడండి, తుప్పునీళ్లు దిగుతాయి. కార్బురేటర్‌లో పెట్రోల్‌ని కొలిచి వదిలే మెయిన్ జెట్‌ని మాత్రం తీగతో పొడవొద్దు: రంధ్రం పెద్దదైతే మైలేజీ పోతుంది.