అప్‌డేట్: వి-క్రాస్‌కి పవర్ సైడ్ స్టెప్స్ పెట్టించాను

మోకాళ్ల నొప్పులతో అమ్మ మా ఇసుజు వి-క్రాస్ పికప్ ట్రక్కు ఎక్కలేకపోతోంది, తలుపు తీయగానే కిందికి దిగే మోటార్ స్టెప్స్ విడిగా పెట్టించుకోవచ్చా, డోర్ వైరింగ్ కోయాల్సి వస్తుందా అని అడిగాను కదా. విజయవాడ ఆటోనగర్‌లో పెట్టించేశాను. ఒక్క వైరు కూడా కోయలేదండీ! మేం తీసుకున్న కిట్‌లో తలుపులకి అంటించే మాగ్నెట్ సెన్సర్లు ఉన్నాయి, బ్రాకెట్లు కూడా ఛాసిస్‌కి ముందే ఉన్న రంధ్రాలకే బిగిశాయి.

మొదట్లో కుడివైపు స్టెప్ సగం దిగి ఆగిపోయేది, మోటార్ పోయిందేమో అని టెన్షన్ పడ్డాం. తీరా చూస్తే బండి బాడీకి కలిపే ఎర్త్ వైరు పెయింట్ మీదే బిగించి ఉంది, దాంతో కరెంటు సరిగ్గా పారట్లేదు, అక్కడ ఇనుము మెరిసేదాకా గీకి మళ్లీ బిగించగానే సాఫీగా దిగింది. పెట్టించుకునేవాళ్లు ఇంకోటి కూడా పట్టుబట్టి చూసుకోండి: మెయిన్ ఫ్యూజ్ బ్యాటరీ పక్కనే ఉండాలి, ఎందుకంటే మధ్యలో ఎక్కడ వైరు ఒరుసుకుని బాడీకి తగిలినా ఫ్యూజ్ పోతుందే తప్ప వైరు కాలదు.

వానాకాలం కాలవగట్ల మీద తిరిగితే స్టెప్స్ మడత కీళ్లలో బురద పేరుకుంటుంది, నీళ్లతో కడిగి సిలికాన్ స్ప్రే కొడుతున్నాను. గ్రీజు మాత్రం వద్దు, దుమ్మంతా దానికే అంటుకుంటుంది. అమ్మ ఇప్పుడు ఎవరి చెయ్యీ పట్టుకోకుండానే ఎక్కుతోంది.