పల్లావరం సంతలో కొన్న పాత ఫొటోలు, ఇంట్లో పెట్టుకోవచ్చా?

కల్యాణి_క్రోంపేట: పోయిన శుక్రవారం ఇత్తడి దీపం కోసం పల్లావరం సంతకెళ్ళి, బేరం కుదరక, ఒక బిస్కెట్ డబ్బా నిండా పాత ఫొటోలు రెండొందలకి తెచ్చుకున్నా. ఒక్కదాని మీదా మనిషి పేరు లేదు. చాలావరకు పెళ్ళిళ్ళు, పుట్టువెంట్రుకలు తీయించిన పిల్లలు. మూడు మాత్రం పక్కన పెట్టాను. ఒకటి పోస్టుకార్డు, నిండా నగలతో ఒకావిడ, కింద ఇంగ్లీషులో 'నాచ్ గర్ల్, మద్రాస్' (అంటే నాట్యం చేసే అమ్మాయి) అని అచ్చేశారు, ఆవిడేమో కెమెరా వైపు కాకుండా పక్కనెవరినో చూస్తోంది. రెండోది కరువు ఫొటో, ఎముకల గూడులాంటి మనుషుల్ని వరసగా కూర్చోబెట్టారు. మూడోది ఫ్రేము కట్టి ఉంది, స్టూడియోలో ఇద్దరు మగవాళ్ళు, చిటికెన వేళ్ళు మెలేసుకుని. కరువు ఫొటో ఇంట్లో వద్దంటున్నారు మా ఆయన. నాకు ఆ చిటికెన వేళ్ళ మీంచి చూపు రావట్లేదు. వాళ్ళు ప్రేమికులంటారా?

పాతకార్డులు: ముందుగా ఆ పోస్టుకార్డు వెనక చూడండి. మధ్యలో గీత ఉంటే 1902 తర్వాతది, చిరునామా పక్కనే ఉత్తరం రాసుకోవడానికి బ్రిటన్‌లో ఒప్పుకున్నది ఆ ఏడాదే. అమ్ముకోవడానికి అచ్చేసిన సరుకు కాబట్టి పేరు వెయ్యలేదు. మేజువాణిలో ఆవిడ ఏం పాడేదో, ఎవరి దగ్గర నేర్చుకుందో కొనేవాడికి అక్కర్లేదు కదా! 1947లో మద్రాసులో దేవదాసీ పద్ధతిని నిషేధిస్తూ చట్టం వచ్చేనాటికి ఇలాంటి బొమ్మలు ఎన్ని దేశాలు తిరిగొచ్చాయో.

సెలవులో_ఉన్నా: కరువు ఫొటో 1876–78 మద్రాసు కరువు నాటిదైతే హూపర్ అనే ఆయన తీసిందో, దాని కాపీయో అయ్యుండొచ్చు. మద్రాసు సైన్యంలో అధికారి ఆయన, లేవలేని వాళ్ళని కూడా గుంపులుగా సర్ది కూర్చోబెట్టి తీసేవాడు. 1886లో బర్మాలోని మాండలేలో ఖైదీల్ని కాల్చేటప్పుడు సరిగ్గా తూటా తగిలే క్షణం కోసం కెమెరా పెట్టాడని పెద్ద గొడవై విచారణ కూడా జరిగింది. అందుకే ఇలాంటిది చూసినప్పుడల్లా నాకు బొమ్మలో ఉన్నవాళ్ళ కంటే నల్లగుడ్డ కింద తల పెట్టినవాడే గుర్తొస్తాడు. అమెరికాలో నల్లవాళ్ళని చెట్టుకి ఉరేసి, ఆ ఫొటోలు కార్డులుగా చుట్టాలకి పంపుకున్నారు, 1908లో పోస్టులో పంపకూడదని నిషేధిస్తే కవర్లో పెట్టి పంపారట! స్కాన్ చేసి దాచుకోండి గానీ లైకుల కోసం మాత్రం పెట్టకండి.

ఒంగోలు_టు_వేళచ్చేరి: కల్యాణిగారూ, తొందరపడకండి. మా తాతయ్యా ఆయన స్నేహితుడూ సంతకి చేతులు పట్టుకునే వెళ్ళేవాళ్ళు, ఎవరూ ఏమీ అనుకోలేదు. అలాగని ప్రేమ కాదని కొట్టిపారెయ్యడానికీ మన దగ్గరేం లేదు. ఫ్రేములోంచి తీసి అంచులు చూశారా? స్టూడియో ముద్ర అక్కడే ఉంటుంది.

కల్యాణి_క్రోంపేట: ఇప్పుడే తీశానండీ. ముద్ర సగమే ఉంది, 'మౌంట్ రోడ్' అన్నది ఒక్కటే చదవగలిగా. కుడివైపు అంచు కత్తెరతో కోసేశారు, వంకరటింకరగా. ఇన్నాళ్ళూ ఆ కోత ఫ్రేము కింద దాక్కుంది. కుడివైపు అతని భుజం మీద నాలుగు వేళ్ళు మిగిలాయి, ఒకదానికి ఉంగరం. అవి ఈ ఇద్దరివీ కావు.