కీళ్లవాతం ఉన్నవాళ్లకు ఛాతీ నొప్పి: పక్కటెముకలదా, గుండెదా?

ప్రశ్న (బ్రాడీపేట, గుంటూరు)
అమ్మకు 58 ఏళ్లు, రుమటాయిడ్ ఆర్థరైటిస్. వారానికొకసారి కీళ్లవాతం మందు మెథోట్రెక్సేట్ 15 మి.గ్రా., మర్నాడు ఫోలిక్ యాసిడ్. కీళ్లు పట్టేస్తే నొప్పి మాత్ర డైక్లోఫెనాక్ వేసుకుంటుంది. పది రోజులుగా రొమ్ము ఎముకకు ఎడమపక్కన పొడుస్తున్నట్టు నొప్పి, వేలితో నొక్కితే ఎక్కువవుతోంది. నొక్కితే నొప్పి వచ్చిందంటే గుండెది కాదంటున్నారు ఇంట్లో. నమ్మొచ్చా?

జవాబు (ఫిజీషియన్, విజయవాడ)
ఆ ఒక్క గుర్తు చూసి ఊరుకోకండి. రొమ్ము ఎముకకు పక్కటెముకలు అతుక్కునే మెత్తటి ఎముక వాస్తే, ముఖ్యంగా 2 నుంచి 5వ పక్కటెముకల దగ్గర నొక్కగానే అచ్చం అదే నొప్పి వస్తుంది. మీ అమ్మగారిది అదే కావచ్చు. కానీ గుండెపోటు వచ్చినవాళ్లలోనూ కొందరికి ఛాతీ నొక్కితే నొప్పి ఉంటుంది. పైగా రుమటాయిడ్ ఉంటే గుండెజబ్బు ముప్పు మామూలువాళ్లకంటే దాదాపు ఒకటిన్నర రెట్లు. ఏళ్ల తరబడి ఒంట్లో ఉన్న వాపు రక్తనాళాలనూ వదలదు. కొలెస్ట్రాల్ రిపోర్టు బాగుందని ధీమా పడొద్దు, జబ్బు ముదిరి ఉన్నప్పుడు ఆ అంకె తగ్గి కనిపిస్తుంది.

ఇవాళే ఈసీజీ తీయించండి. పడుకుంటే పెరిగి, ముందుకు వంగి కూర్చుంటే తగ్గే నొప్పయితే గుండె చుట్టూ ఉండే పొర వాచిందేమో, ఎకో (గుండె స్కాన్) కావాలి. గట్టిగా ఊపిరి పీల్చినప్పుడు పొడిస్తే ఊపిరితిత్తి పొరనూ అనుమానించాలి. పొడిదగ్గు, ఆయాసం, జ్వరం కలిసి ఉంటే మెథోట్రెక్సేట్ వల్లే కావచ్చు. తర్వాతి డోసు వేసేలోగా డాక్టరుకు చెప్పి తీరాలి.

జవాబు (ఫార్మసిస్టు, గుంటూరు)
డైక్లోఫెనాక్ వల్ల వచ్చే ముప్పు మాట ఎవరూ ఎత్తలేదు. అది గుండెపోటు ముప్పు పెంచుతుంది, కడుపులో పుండూ చేస్తుంది, స్టెరాయిడ్ కూడా వాడుతుంటే మరీను. ఆ పుండు మంట అచ్చం ఛాతీ నొప్పిలాగే ఉంటుంది. సంగతి తేలేదాకా ఆపి, పారాసెటమాల్ 650 ఆరేసి గంటల ఎడంతో ఇవ్వండి. లివర్ పరీక్ష తేడాగా ఉంటే మాత్రం డాక్టరును అడిగే ఇవ్వాలి. స్టెరాయిడ్ వాడుతుంటే దాన్ని మాత్రం ఒక్కసారిగా ఆపకండి.

ప్రశ్న అడిగినవారు
మెట్లెక్కితే పెరగట్లేదండీ, చెమటలూ లేవు. ఈసీజీ మామూలుగా వస్తే చాలా?

జవాబు (ఫిజీషియన్, విజయవాడ)
చాలదు. మొదటి ఈసీజీ మామూలుగా ఉన్న గుండెపోట్లు ఉన్నాయి. కొత్తగా నొప్పి పెరిగితే ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతిందేమో చూసే) రక్తపరీక్ష చేయించి, మూడు గంటల తర్వాత మళ్లీ చేయిస్తారు. ఆడవాళ్లలో దవడ లాగడం, వీపు బరువు, ఒట్టి ఆయాసం, వాంతి వచ్చేట్టుండటం కూడా గుండెపోటే కావచ్చు. అలా అయితే బండి మీద ఎక్కించుకుని వెళ్లకండి, 108కి ఫోన్ చేయండి. ఆస్పిరిన్ పడకపోవడం, కడుపులో పుండు, రక్తస్రావం లేకపోతే 300 మి.గ్రా. నమిలి మింగమంటారు. 108 వాళ్లను అడిగే ఇవ్వండి.