ఒక ఏడాది మొత్తాన్ని మోసిన ఆల్బమ్‌ను ఆ తర్వాత ఎలా వినాలి?

ప్రశ్న

గత ఏడాది నా జీవితంలో మూడు మార్పులు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. పదకొండేళ్లు చేసిన ఉద్యోగం మానేశాను, ఇల్లు మారాను, మా అమ్మాయి చదువు కోసం దూరం వెళ్లింది. ఆ నెలలన్నిటిలోనూ నేను వదలకుండా విన్నది ఒకే ఆల్బమ్. అమెరికన్ జాజ్ పియానో కళాకారుడు కీత్ జారెట్ 1975 జనవరి 24 రాత్రి జర్మనీలోని కొలోన్ నగర ఒపేరా హౌస్‌లో ఒక్కరే కూర్చుని, అక్కడికక్కడ అల్లుకుంటూ వాయించిన పియానో కచేరీ అది. నిడివి సుమారు 66 నిమిషాలు. సాయంత్రం దాన్ని పెట్టుకుని అట్టపెట్టెలు సర్దేవాణ్ని. అది పూర్తయ్యేసరికి ఇంచుమించు ఒక గది ఖాళీ అయ్యేది.

ఆ కచేరీ వెనక కథ కూడా నాకు అప్పట్లో అండగా నిలిచింది. ఆయన కోరిన పియానో బదులు రిహార్సళ్లకు వాడే చిన్న పియానో వేదిక మీదికి వచ్చింది. దాని పై స్వరాలు రేకు డబ్బా మోగినట్టు మోగేవి, కింది స్వరాలకు బలం లేదు, పెడళ్లు సరిగా పనిచేయలేదు. అందుకే ఆయన ఎక్కువసేపు మధ్య స్థాయిలోనే తిరుగుతూ, ఎడమచేత్తో ఒకే లయను పట్టుకుని సాగారని అంటారు. చేతికందిన దానితోనే కానిచ్చేయడం తప్ప నాకూ అప్పుడు వేరే దారి లేదు.

ఇప్పుడు అన్నీ కుదుటపడ్డాయి. అయితే ఆ ఆల్బమ్ మొదటి నాలుగు స్వరాలు వినబడగానే ఖాళీ గోడలు, పెట్టెల మీద పేర్లు రాస్తూ మధ్యలో ఎండిపోయిన మార్కర్ పెన్ను కళ్లముందుకు వచ్చి గొంతు పట్టేస్తోంది. ఇలాంటి ఆల్బమ్‌ను కొన్నేళ్లు పక్కన పెట్టేయాలా, లేక ఆ ఏడాది దాని నుంచి విడిపోయేదాకా వింటూనే ఉండాలా? మీ అనుభవం చెప్పగలరు.

జవాబు

నమస్కారమండీ. ఒకే సంగీతాన్ని వేరొకరి చేతిలోనో, అదే మనిషి మరో వయసులోనో వాయించగా వినడం నాకు పనికొచ్చింది. చదువుకునే రోజుల్లో నా దగ్గర ఉన్నది, బాఖ్ అనే పాతకాలపు జర్మన్ స్వరకర్త రాసిన 'గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్' అనే రచనను పియానో కళాకారుడు గ్లెన్ గౌల్డ్ 1955లో వాయించిన రికార్డు. అప్పటికి ఆయనకు 22 ఏళ్లు. మొత్తం 38 నిమిషాల్లో ముగించారు. పదవీ విరమణ చేసిన సంవత్సరం ఆ రికార్డు వింటే పరుగు పెడుతున్నట్టు అనిపించి, మధ్యలోనే ఆపేసేదాన్ని. ఆయనే 1981లో మళ్లీ చేసిన రికార్డు అప్పుడు నా చేతికొచ్చింది. అదే రచనకు ఈసారి 51 నిమిషాలు పట్టింది. మొదట్లో వచ్చే 'ఏరియా' అనే పాటలాంటి భాగం ఎంత నిదానంగా నడుస్తుందంటే, ఒక స్వరం ఆరిపోయేదాకా ఆగి తర్వాతి దాన్ని ముట్టుకున్నారేమో అనిపిస్తుంది. వాయిస్తూ ఆయన తనలో తాను కూనిరాగం తీయడం రెండింటిలోనూ వినిపిస్తుంది. రెండో రికార్డు విడుదలైన కొద్ది రోజులకే, 1982 అక్టోబరులో, ఆయన కన్నుమూశారు. ఇప్పుడు నా చదువుల కాలం ఒక రికార్డులో, విశ్రాంత జీవితం మరో రికార్డులో వేరువేరుగా ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి పడటం లేదు.

జవాబు

పై సలహా మంచిదే, కానీ ప్రశ్న అడిగినవారి విషయంలో అది కుదరదు. ఆ రాత్రి వాయించినది మళ్లీ వాయించగలిగేది కాదు. 1991లో దాన్ని స్వరలిపిగా అచ్చు వేయడానికి ఒప్పుకున్నప్పుడు కూడా, ప్రమాణంగా రికార్డునే తీసుకోవాలని జారెట్ కోరారు. 2018లో వచ్చిన పక్షవాతం వల్ల ఇప్పుడు ఆయన ఎడమచెయ్యి సహకరించడం లేదు.

వింటూనే ఉండమని నేను చెబుతాను, ఎందుకంటే చెవి కొత్తది నేర్చుకోగలదు. జాజ్ ట్రంపెట్ కళాకారుడు మైల్స్ డేవిస్ 1959 నాటి ఆల్బమ్ 'కైండ్ ఆఫ్ బ్లూ'లో మొదటి మూడు రచనలు రికార్డు చేసిన టేపు యంత్రం కాస్త నెమ్మదిగా తిరిగిందట. అందువల్ల విడుదలైన రికార్డులో అవి ఉండాల్సిన శ్రుతి కంటే కొద్దిగా పైన, కొద్దిగా వేగంగా వినిపించేవి. మూడు దశాబ్దాల తర్వాత, 1990లలో, అదనంగా తీసి ఉంచిన మరో టేపు ఆధారంగా ఆ తప్పు సరిదిద్దారు. నేను పెరిగింది పాత శ్రుతితో. మా నాన్నగారు పోయిన ఏడాది రాత్రుళ్లు విన్నదీ అదే. సరిచేసిన ప్రతిని మొదటిసారి విన్నప్పుడు ఎవరో భుజాలు కిందికి నొక్కినట్టు అనిపించి చిరాకు పడ్డాను. అయినా మానలేదు. ఏడాది తిరిగేసరికి పాతదే చెవికి గుచ్చుకోవడం మొదలైంది, కానీ ఆ రాత్రుళ్లు మాత్రం నాతోనే ఉండిపోయాయి.

జవాబు

నేను ఒప్పుకోను. అరగదీయాల్సిన అవసరం ఏముంది? ఆల్బమ్ అనే మాటే, నిమిషానికి 78 చుట్లు తిరిగే పలకలను ఫోటోల పుస్తకంలా అట్టల మధ్య కుట్టి అమ్మిన కాలం నుంచి వచ్చింది. ఫోటోల పుస్తకాన్ని ఎవరూ రోజూ తెరవరు కదా. ఇంట్లో ఉందని తెలిస్తే చాలు. నేను అలా పక్కన పెట్టినవి మూడున్నాయి, వాటి పేర్లు కూడా చెప్పను. ఒకవేళ వినదలిస్తే మాత్రం వరస మార్చకుండా వినండి; ఒక పాట ముగిసి మరోటి మొదలయ్యే లోపు ఉండే ఆ రెండు క్షణాల నిశ్శబ్దంలోనే మనసు తర్వాతి పాటను ముందే ఎత్తుకుంటుంది. షఫుల్ మీద వింటే అదంతా పోతుంది.

జవాబు

పక్కన పెట్టడమూ వద్దు, అరగదీయడమూ వద్దు. అదే ఆల్బమ్‌కు ఇంకో పని అప్పగించి చూడండి. మా బాబు పుట్టిన ఏడాది నేను విన్నది 1967లో వచ్చిన 'కాల్ ఆఫ్ ద వ్యాలీ'. శివకుమార్ శర్మ సంతూర్, హరిప్రసాద్ చౌరాసియా వేణువు, బ్రిజ్‌భూషణ్ కాబ్రా గిటార్ మీద, కశ్మీరులో ఒక గొర్రెల కాపరి రోజు ఎలా గడుస్తుందో వేళకు తగిన రాగాలతో చెప్పిన ఆల్బమ్ అది. ఆహిర్ భైరవ్‌తో తెల్లవారాలి. నాకేమో అది అర్ధరాత్రి మూడు గంటలకు, బాబు తల ఒక భుజం మీద, ఇయర్‌ఫోన్ ఒక చెవిలోనే ఉండగా మొదలయ్యేది. ఆ తర్వాత చాలాకాలం ఆ రాగం వింటే నిద్ర కరువైన ఒళ్లునొప్పులే గుర్తొచ్చేవి. ఇప్పుడు దాన్ని తెల్లవారుజామున నడకకు వెళ్లేటప్పుడు మాత్రమే పెట్టుకుంటున్నాను. పాత జ్ఞాపకం చెరిగిపోలేదు గానీ, దాని పక్కనే మరొకటి చేరింది.

ప్రశ్న అడిగినవారి నుంచి

అందరికీ ధన్యవాదాలు. పక్కన పెట్టమన్న వారి మాటే మొదట సబబనిపించింది. కానీ ఇంకో పని అప్పగించమన్న మాట చదివాక లేచి వెళ్లి చూస్తే, కొత్త ఇంట్లో మంచం కింద విప్పని పెట్టెలు నాలుగు ఇంకా ఉన్నాయి. ఒకదాని మీద నా చేతివ్రాతతో 'పుస్త' వరకే ఉంది. మార్కర్ ఎండిపోయింది అక్కడే. నిన్న రాత్రి అదే ఆల్బమ్ పెట్టుకుని ఆ పెట్టె విప్పడం మొదలుపెట్టాను. మొదటి స్వరాలకు గొంతు పట్టేసింది, అందులో మార్పేమీ లేదు. అయితే 66 నిమిషాలు పూర్తికాకముందే పెట్టె ఖాళీ అయింది, మిగిలిన సంగీతాన్ని నేల మీద కూర్చుని ఊరికే విన్నాను. ఇంకా మూడు పెట్టెలున్నాయి.