ప్రైవేటు గ్రీన్ భవనాల్లో కాంట్రాక్టర్ నియామక తేదీ ఎక్కడ దొరుకుతుంది?

హైదరాబాద్‌లో నిర్మాణ నిర్వహణపై పీహెచ్‌డీ చేస్తున్నాను. డిజైన్ దశలోనే కాంట్రాక్టర్‌ను చేర్చుకున్న గ్రీన్ భవనాలు, డిజైన్ ముగిశాక టెండరు పిలిచిన వాటికంటే గడువుకు దగ్గరగా పూర్తవుతాయా అన్నది నా అంశం. గ్రీన్ భవనాలకిచ్చే లీడ్ రేటింగులో అత్యున్నతమైన ప్లాటినం 2003లోనే పొందిన సొరాబ్జీ గోద్రెజ్ కేంద్రం ఉన్న ఊరు కదా, సమాచారానికి కొరత ఉండదనుకున్నాను.

లీడ్ జాబితాలో రేటింగ్, పాయింట్లు, ధ్రువీకరణ తేదీ దొరికాయి, అంతవరకే. స్థిరాస్తి ప్రాజెక్టుల నియంత్రణ సంస్థ రెరాలో గడువులు ఉంటాయి గానీ, అమ్మకానికి కాకుండా అద్దెకిచ్చేందుకు కట్టే ఆఫీసు భవనాలు దాని పరిధిలోకి రావు. నాకు కావలసినవి అవే. 20,000 చదరపు మీటర్లు, ఆపైన ఉన్న నిర్మాణాలకు పర్యావరణ అనుమతి తప్పనిసరి కాబట్టి, ఆరు నెలలకోసారి సమర్పించే నివేదికలూ తిరగేశాను. పని మొదలైన, ముగిసిన తేదీల వరకు అవి బంగారమే. కాంట్రాక్టర్ ఎప్పుడు చేరాడన్నది మాత్రం నేను చూసిన వాటిలో లేదు.

బిల్డర్లకు ప్రశ్నావళి పంపితే చాలామంది గోప్యత అన్నారు, జవాబిచ్చినవారు సరిగ్గా ఆ గడినే ఖాళీగా వదిలారు. జ్ఞాపకం మీద చెప్పే తేదీలను నేను నమ్మను.

2015 తర్వాత హైదరాబాద్‌లో పూర్తయిన ప్రైవేటు ఆఫీసు భవనాలకు, ప్రధాన కాంట్రాక్టర్ నియామక తేదీని చూపే బహిరంగ పత్రం ఏదైనా ఉందా?