సెంజి, వేలూరు కోటలు ఒకే రోజులో చూడగలమా? (చెన్నై నుంచి, పెద్దవాళ్లతో)

వేళచ్చేరి_వాసి:
నెల్లూరు నుంచి అమ్మానాన్న వస్తున్నారు. ఇద్దరికీ అరవై దాటాయి, నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. పిల్లలు పది, పదమూడేళ్లవాళ్లు. సొంత కారుంది. డిసెంబరులో ఒక శుక్రవారం ఖాళీ దొరికింది. పొద్దున్న సెంజి, సాయంత్రం వేలూరు చూసి రాత్రికి ఇల్లు చేరగలమా?

రాతిగోడ:
వద్దండీ. చెన్నై నుంచి దిండివనం మీదుగా సెంజి 160 కిలోమీటర్లు. అక్కణ్ణుంచి తిరువణ్ణామలై మీదుగా వేలూరు ఇంకో 120, తిరుగు ప్రయాణం 140. రోజంతా కారులోనే గడిచిపోతుంది.

సెంజి ఒక్కటే పెట్టుకున్నా తెల్లవారుజామున అయిదింటికల్లా బయల్దేరాలి. అక్కడ రాజగిరి, కృష్ణగిరి, చంద్రాయనదుర్గం అని మూడు కొండలు, వాటిని కలుపుతూ గోడలు. రాజగిరి దాదాపు 800 అడుగులు. ఎక్కి దిగడానికి మూడు, నాలుగు గంటలు పడుతుంది. మధ్యాహ్నం దాటి వెళ్తే పైకి వదలరు. చాలామంది పొరబడేది ఇక్కడే: ముందు కింద కట్టడాలన్నీ తీరిగ్గా చూసి, ఎండెక్కాక కొండ దగ్గరికొస్తారు. ముందు కొండ, తర్వాత కింద.

మనిషికి రెండు లీటర్ల నీళ్లు తప్పనిసరి. తిండి చేతిసంచిలో పట్టుకోవద్దు, కోతులు లాక్కుంటాయి. వీపుకి తగిలించుకునే బ్యాగులో పెట్టి జిప్ వేసేయండి. మెట్ల ఎత్తు ఒకేలా ఉండదు, అందుకే ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడే మోకాళ్లకి దెబ్బ. పైగా డిసెంబరంటే ఇక్కడ వానలు, తడిసిన రాయి జారుతుంది. జనవరి, ఫిబ్రవరి మేలు.

కందకం:
మీ నాన్నగారికైతే వేలూరే సరి. నేలకోట, ఎక్కేదేమీ లేదు. చుట్టూ నీళ్లున్న కందకం, లోపల జలకంఠేశ్వరుడి గుడి. ఆ కల్యాణమండపం స్తంభాల మీది చెక్కడాలకే గంట కేటాయించండి. శతాబ్దాలు పూజలు లేకుండా ఉన్న గుడి, 1981లో మళ్లీ లింగ ప్రతిష్ఠ జరిగింది. మధ్యాహ్నం మూసేస్తారు కాబట్టి ముందు దర్శనం, ఆ తర్వాతే మిగతావి. టిప్పు కొడుకుల్ని ఉంచింది ఈ కోటలోనే, 1806 జులై 10న సిపాయిల తిరుగుబాటు జరిగిందీ ఇక్కడే.

శుక్రవారం మాత్రం మార్చుకోండి. కోటలోని మ్యూజియంలకి ఆ రోజే సెలవు. కారు కూడా అక్కర్లేదు, చెన్నై సెంట్రల్ నుంచి వేలూరు పక్కనున్న కాట్పాడికి రైల్లో రెండు గంటలు, అక్కణ్ణుంచి ఆటో.

వేళచ్చేరి_వాసి:
శుక్రవారం సంగతి చెప్పి మంచి పని చేశారు, మారుస్తాను. పిల్లలు మాత్రం సెంజి సెంజి అంటున్నారు. రాజగిరి ఎక్కకపోతే అంతదూరం వెళ్లడం దండగేనా?

రాతిగోడ:
దండగ కానే కాదు. రాజగిరి కిందే కల్యాణమహల్, గుర్రపుశాలలు, ధాన్యాగారాలు, ఏనుగుల కొలను ఉన్నాయి. అమ్మానాన్న నెమ్మదిగా నడిచి చూడొచ్చు. కాస్త దూరంలో వేంకటరమణస్వామి గుడి. పాండిచ్చేరి బీచిలో గాంధీ విగ్రహం చుట్టూ నిలబడ్డ స్తంభాలు సెంజి నుంచి తీసుకెళ్లినవే.

పిల్లలతో ఒక పెద్దమనిషి పైకి వెళ్తే చాలు. శిఖరానికి కాస్త ముందు కొండ చీలిపోయి ఉంటుంది, దాదాపు 60 అడుగుల లోతు. చిన్న వంతెన దాటితేనే పైకోట. ఆ వంతెన తీసేస్తే కొద్దిమంది చాలు, కోటని కాపాడుకోవడానికి. శివాజీ కొడుకు రాజారాం లోపల ఉండగా 1690లో మొఘలులు మొదలుపెట్టిన ముట్టడి 1698 దాకా సాగింది. ఎందుకు సాగిందో అక్కడ నిలబడితే పిల్లలకి ఎవరూ చెప్పక్కర్లేదు. 2025లో యునెస్కో గుర్తించిన 12 మరాఠా కోటల్లో మహారాష్ట్ర బయట ఉన్నది ఇదొక్కటే.

కందకం:
కృష్ణగిరి రోడ్డుకి అవతలివైపు. రాజగిరి కంటే బాగా పొట్టిది, గంటన్నరలో ఎక్కి దిగొచ్చు. పదేళ్ల పిల్లకి అలుపనిపిస్తే రాజగిరి మానేసి అదే ఎక్కించండి. టికెట్ పారేయొద్దు, అక్కడ కూడా చూపించాలి.